కుప్పంలో టర్కీ కలగూర

మదనపల్లె: రెండు కేజీల బేరం

రెండు కేజీల టమోటాల కోసం మదనపల్లె మార్కెట్ యార్డుకు ఎవరూ వెళ్ళరు. అక్కడ కేజీ అన్న మాటే వినిపించదు. బాక్సులు, లారీలు, వేలం కేకలు, అంతే. ఆ శనివారం పొద్దున మేము మాత్రం రెండు కేజీలకే వెళ్ళాం. మేమంటే నేనూ, పెద్దమండ్యం దగ్గరి పల్లె నుంచి మొదటి బస్సుకు దిగిన రెడ్డెమ్మా.

ఆమె చేతిలో ఒక గుడ్డసంచి, దాంట్లో ఒక జత బట్టలు, న్యూస్‌పేపర్లో చుట్టిన చాకు. చాకు సొంతదే కావాలంది. నలభై అయిదు దాటిన మనిషి. మూడుసార్లు కువైట్ పోయి వచ్చింది. నేను పేపర్లో పనిచేసే రోజుల్లో కువైట్ పోయే ఆడవాళ్ళ గురించి రాయడానికి వెళ్ళినప్పుడు పరిచయం. చివరి నాలుగేళ్ళూ ఒక టర్కీ కుటుంబం ఇంట్లో చేశానని అప్పుడు చెప్పింది. ఆ ఒక్క మాట నాకు గుర్తుండిపోవడమే ఈ ప్రయాణానికి కారణం.

కుప్పంలో కృష్ణప్ప అని నాకు పాత స్నేహితుడు, గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. వాళ్ళ ఫ్యాక్టరీకి టర్కీ నుంచి రాయి కోసే కొత్త మిషను వచ్చింది. దాన్ని బిగించి, నడిపించి, నేర్పి పోవడానికి నెర్మిన్ అనే ఇంజనీరు, ఇద్దరు మెకానిక్కులు ఏడాది పాటు ఉంటారు. కృష్ణప్ప మేడ మీదే అద్దెకు దిగారు. ఊళ్ళో ముగ్గురు వంటవాళ్ళను మార్చారు. ముగ్గురూ కారం తగ్గించలేక మిరపకాయల దగ్గరే ఆగిపోయారు.

"ఆ యమ్మ మూడు వారాలుగా బ్రెడ్డూ కోడిగుడ్లే తింటాండాదప్పా. సూసేదానికి నాకే బాధగా ఉండాది. టర్కీ వంట తెలిసినోళ్ళు యాడన్నా ఉండారా?" అని కృష్ణప్ప ఫోన్ చేశాడు. నేను రెడ్డెమ్మకు ఫోన్ చేశాను. "నీకు వచ్చునా?" అంటే "వచ్చప్పా" అంది. నేను కృష్ణప్పకు మాట ఇచ్చేశాను. ఆదివారం మధ్యాహ్నం పరీక్ష. పరీక్షకు పెట్టిన కూర మాత్రం టర్కీది కాదు, ఫ్రెంచివాళ్ళది. రతతూయి అంటారట. వంకాయ, మిరపకాయ, టమోటా, ఉల్లిపాయ, దోసకాయలా కనిపించే మరో కాయ కలిపి చేసే కలగూర. టర్కీ ఇళ్ళలో దాన్ని తమ పద్ధతికి మార్చుకున్నారు. "మా ఇంట్లో చేసినట్టు అదొక్కటి చేస్తే చాలు, మిగతావి నేనే నేర్పిస్తా" అందట నెర్మిన్.

రెడ్డెమ్మకు ఇది ఆషామాషీ పరీక్ష కాదు. నాలుగోసారి కువైట్ పోవడానికి వీసా వచ్చి ఉంది. వస్తావో రావో ఆదివారం సాయంత్రంలోగా చెప్పమని ఏజెంటు గడువు పెట్టాడు.

"పోతే రెండేళ్ళు. మనిషిని తిరిగొస్తానేమో గానీ, మోకాళ్ళు ఆడనే ఉండిపోతాయప్పా" అంది.

యార్డులో ఒక వ్యాపారి బాక్సుల మీద కూర్చుని టీ తాగుతున్నాడు. రెండు కేజీలు కావాలంటే నవ్వాడు.

"రెండు కేజీలా అక్కా? ఈడ రెండు కేజీలు కింద పడితే వంగి ఎత్తుకునేవాళ్ళు గూడా లేరు."

"లేరు గదా, నేనే వంగుతా" అని రెడ్డెమ్మ నేల మీద గొంతుక్కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. బాగా పండి, వేలు పెడితే దిగేవే ఏరుతోంది.

"ఇవి కుప్పం దాకా రావక్కా. పలమనేరులోనే రసమైపోతాయి."

"రసం కావాల్సిందే. ఈ కూరకి టమోటా కొయ్యరు, తురుముతారు."

"టమోటాని తురిమేదా! అదేమన్నా కొబ్బరా?" అని అతను పక్కనున్న హమాలీలను పిలిచి మరీ చెప్పాడు. డబ్బులు తీసుకోలేదు. కూర పేరు చెప్పి పొమ్మన్నాడు. చెప్పాం. "తూయి, తూయి... పేరే ఉయ్యాల ఊపినట్టుండాదే" అన్నాడు.

పుంగనూరు: వేడి లేని సంగటి

పుంగనూరు పేరు ఇప్పుడు పొట్టి ఆవుల వల్ల దేశమంతా తెలుసు. ఊళ్ళో దిగితే మాత్రం ఆవు బొమ్మలే గానీ ఆవు కనిపించదు. బస్టాండు పక్కన ఒక అవ్వ పెరుగు ముంతలు పెట్టుకుని కూర్చుంది. ముంత అరవై రూపాయలు.

"పుంగనూరు ఆవు పెరుగేనా అవ్వా?" అని అడిగాను.

"ఆ ఆవు నా ఇంట్లో ఉంటే నేనీడ ఎండలో యాల కూసుంటానప్పా? జెర్సీది. తీసుకుంటే తీసుకో."

ఈ నిజాయితీకి రెండు ముంతలు తీసుకున్నాం. ఆ కూర మీద వెల్లుల్లి కలిపిన పెరుగు వెయ్యాలని రెడ్డెమ్మ చెప్పింది. ఫ్రెంచివాళ్ళు వెయ్యరట.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో సంగటి, వేరుశనగ పచ్చడి ఊరిబిండి తినడానికి కూర్చున్నాం. ముద్ద వచ్చింది. రెడ్డెమ్మ వేలితో తాకి విస్తరి ముందుకు తోసింది.

"ఏందిది? పొద్దున్నే కెలికిందా? ఆవిరే లేదు."

"వేడిగానే ఉండాది గదమ్మా" అన్నాడు వడ్డించే అతను.

"నీ చెయ్యి చల్లగా ఉంటే నీకు వేడిగానే ఉంటాది. తీసకపో."

అతను గొణుక్కుంటూ తీసుకుపోయి పొగలు కక్కే ముద్ద తెచ్చాడు. నేను నవ్వితే ఆమె నవ్వలేదు.

"వేడి లేని కూడు పెడితే ఆ మనిషిని లెక్కలో పెట్టుకోనట్టేనప్పా. నాలుగేళ్ళు నేనదే తింటిని."

అప్పుడు చెప్పింది. కువైట్‌లో ఆ టర్కీ మేడమ్ ఈ కలగూర మధ్యాహ్నం పూటే వండేది. వండగానే రెడ్డెమ్మను బట్టలుతకడానికి మేడ మీదికి పంపేది. తిరిగి దిగేసరికి సాయంత్రం. ఆరు గంటలకు గిన్నె మూత తీసి, ఒక గరిటెడు రెడ్డెమ్మ ప్లేటులో పెట్టి, పెరుగు వేసి ఇచ్చేది. అంతా చల్లగా ఉండేది. రెడ్డెమ్మ అది తీసుకుని తన గదిలోకి పోయి తినేది. ఆ తర్వాత సారు ఇంటికొచ్చాక వాళ్ళు ఏం తిన్నారో ఆమె చూడలేదు.

"మధ్యాన్నం వాళ్ళు వేడేడిగా తినేసి, మిగిలింది నాకు. ఇచ్చేటప్పుడు పేరు పెట్టి మరీ ఇచ్చేది. 'ఉలుక్, ఉలుక్' అనేది. మిగులు అని వాళ్ళ బాసలో."

"మిగులని నీకెవరు చెప్పారు?"

"ఎవురు సెప్పాల్నా? చల్లారిన కూర చేతిలో పెట్టి అనే మాటకి ఇంకేం అర్థముంటాది?"

అంతలో ఇంకో అనుమానం వచ్చింది.

"వండింది మేడమ్ అంటున్నావు. నువ్వు ఈ కూర ఎప్పుడైనా వండావా?"

ఆమె ముద్ద తుంచుతూ తల దించుకుంది.

"కోసింది నేను. తురిమింది నేను. పొయ్యి ముట్టించింది ఆ యమ్మ. నన్ను స్టవ్వు ముట్టుకోనిచ్చేది కాదు. కానీ పక్కనే నిలబడి సూస్తి గదప్పా, నాలుగేళ్ళు."

"ఫోన్లో వచ్చన్నావే?"

"రాదంటే నువ్వు పిలుస్తావా?"

ఈ వయసులో నేనిచ్చిన మాటకు ఆధారం ఒక మనిషి పక్కన నిలబడి చూసిన జ్ఞాపకం.

వి.కోట దారి: కారుతున్న మూట

పలమనేరులో బస్సు మారాం. రెడ్డెమ్మకు సీట్లో నిలకడ లేదు. వాళ్ళ పెరుగు మన పెరుగులా జారదు, గడ్డగా ఉంటుందని గుర్తొచ్చింది. కొత్త తువ్వాలు తీసి, రెండు ముంతల పెరుగూ దాంట్లో పోసి, మూట కట్టి కిటికీ కడ్డీకి వేలాడదీసింది. నేను వద్దన్నా వినలేదు.

వి.కోట రాకముందే వెనక సీట్లో పెద్దాయన లేచాడు. పెళ్ళికి పోతున్నట్టున్నాడు, తెల్ల పంచె, కొత్త చెప్పులు.

"ఏందమ్మా ఇది, నా కాలి మింద కారతాండాది!"

"మజ్జిగ తేటప్పా, మంచిదే. కాలికి చలవ."

"నా కాలికి చలవ నేనడిగినానా? పెళ్ళికి పోతాండాను, ఈగలు ముసురుకుంటాయే!"

బస్సంతా నవ్వింది. కండక్టరు వచ్చి "లగేజీ టిక్కెట్టు కొట్టేదా దీనికి?" అన్నాడు. రెడ్డెమ్మ పెద్దాయన కాళ్ళ కింద న్యూస్‌పేపరు పరిచి, ముంత పెట్టి, తేటను అందులోకి పట్టింది. శాంతిపురంలో దిగేటప్పుడు ఆయన ఆగి, "ఇంతకీ ఎవురికమ్మా ఇంత సేవ?" అని అడిగాడు.

"పరీక్షప్పా" అందామె. ఆ వయసులో పరీక్షేమిటో ఆయనకు అర్థం కాలేదు. అయినా "బాగా రాయి తల్లీ" అని దీవించి దిగాడు.

సాయంత్రానికి కుప్పం చేరాం. రెడ్డెమ్మను కృష్ణప్ప ఇంట్లో దింపి నేను లాడ్జిలో దిగాను. నిద్ర సరిగా పట్టలేదని మాత్రం చెప్పగలను.

కుప్పం: పొయ్యి దగ్గర

నెర్మిన్‌కు నలభై ఉంటాయి. కత్తిరించిన జుట్టు, జీన్సు ప్యాంటు, గోళ్ళ చుట్టూ కడిగినా పోని రాతిపొడి. వంటగది చిన్నది. గుమ్మంలో నేనూ కృష్ణప్పా నిలబడ్డాం. నెర్మిన్ ఇంగ్లీషు నాకు సగం, నా ఇంగ్లీషు ఆమెకు సగం అర్థమవుతోంది. కృష్ణప్ప ఇంగ్లీషు ఆయనకే తెలుసు.

రెడ్డెమ్మ మాత్రం ఏ భాష కోసమూ ఆగలేదు. వంకాయ ఎత్తి "పత్లిజాన్" అంది. మిరపకాయ చూపి "బిబెర్" అంది. నెర్మిన్ ముఖం విప్పారింది. ఆ తర్వాత రెడ్డెమ్మ వంకాయ తొక్కు ఒక చార తీసి, ఒక చార వదిలి, మళ్ళీ ఒక చార తీసింది. వంకాయ చారల చొక్కా తొడుక్కున్నట్టయింది. నెర్మిన్ చప్పట్లు కొట్టింది. అలా తీస్తే ముక్క చెదరదట, తొక్కు చేదూ సగానికి తగ్గుతుందట. ఆ ముక్కల్ని రెడ్డెమ్మ ఉప్పునీళ్ళలో వేసింది. వంకాయ కోయగానే ఉప్పునీళ్ళలో వేయడం మా అమ్మ పద్ధతే. ఎక్కడి టర్కీ, ఎక్కడి మా ఇల్లు.

తేడాలు ఆ తర్వాతే. ఫ్రెంచివాళ్ళు ఏ కాయకు ఆ కాయ విడిగా వేయించి, చివరికి కలిపి, ఏవో ఎండు ఆకులు చల్లుతారట. నెర్మిన్ వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళకు అంత తీరిక లేదు. ఒకే గిన్నెలో వరుసలు పేరుస్తారు. అడుగున ఉల్లి, పైన వంకాయ, ఆ పైన మిరపకాయ, అన్నిటి మీద తురిమిన టమోటా, ఆలివ్ నూనె, చిటికెడు చక్కెర. గరిటె పెట్టి కలపకూడదు. గిన్నె చెవులు పట్టుకుని ఒకసారి కుదపాలి, అంతే. ఆ ఆకుల బదులు ఎండు పుదీనా. లావు క్యాప్సికం వాళ్ళు వాడరు. పొడుగ్గా, లేతపచ్చగా, కారం లేని మిరపకాయ వాళ్ళకు ఇష్టం. అవి మన బజ్జీ మిరపకాయలే. కుప్పం సంతలో దొరికాయి. ఫ్రెంచి కూరలో వేసే ఐదో కాయ దొరకలేదు. లేత సొరకాయ వేస్తానని రెడ్డెమ్మ చూపించింది. నెర్మిన్ భుజాలెగరేసింది. తమ ఇళ్ళలో కూడా ఏముంటే అది వేసుకుంటూనే ఈ కూర మారింది, నువ్వూ వెయ్యి అన్నట్టు.

"తిరగబాత ఎప్పుడెయ్యాల?" అని కృష్ణప్ప అడిగాడు.

"తిరగబాత లేదన్నా దీనికి."

"తిరగబాత లేనిది కూరెట్లయితాదమ్మా? ఆవాలన్నా ఎయ్యి. ఆ యమ్మకి యాడ తెలుస్తాది?"

"నువ్వు కిందికి పోన్నా, నీకు దండం."

పదకొండున్నరకు కూర ఉడికాక రెడ్డెమ్మ మూత పెట్టి మంట ఆర్పింది. నెర్మిన్ ఏదో ఫోన్ వస్తే లోపలికి పోయింది. పన్నెండున్నర అయింది. ఒంటి గంట అయింది. ఆమె రాలేదు. ఏజెంటు నుంచి రెడ్డెమ్మ ఫోన్ రెండుసార్లు మోగి ఆగింది.

రెడ్డెమ్మ గిన్నెను తాకి చూసింది. చల్లారుతోంది. ఆమె ముఖంలో పుంగనూరు సంగటి కనిపించింది నాకు. ఎవరికైనా, అందులోనూ పని ఇచ్చే మనిషికి, చల్లారిన కూర పెట్టడం ఎట్లా? గబగబా స్టవ్వు వెలిగించి, కుతకుతమనేదాకా మరగబెట్టి, పొగలు కక్కుతూ ప్లేటులో పెట్టింది. సరిగ్గా అప్పుడే నెర్మిన్ వచ్చింది.

ఆవిరి చూసి ఆగిపోయింది. చెంచాతో ఒక ముక్క తీసుకుంది, నాలుక కాలి ఊదుకుంది. రెండో ముక్క తీసుకోలేదు. ప్లేటులోది గిన్నెలోకి తిరిగి పోసేసి, గిన్నె ఎత్తి కిటికీ గట్టు మీద పెట్టి, వేలు చూపిస్తూ అంది:

"ఉలుక్. ఉలుక్."

రెడ్డెమ్మ మెల్లగా తన చాకు కడిగింది. తుడిచింది. న్యూస్‌పేపరు వెతుక్కుంటోంది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"ఇనలేదా? మిగుల్లోకి పెట్టేసింది. పనోళ్ళకి పెట్టేదానికి." గొంతు మామూలుగానే ఉంది. అదే నన్ను భయపెట్టింది. "ఏజెంటు మళ్ళా ఫోన్ చేస్తాడు. వస్తానని చెప్పేస్తా. నువ్వేం బాధపడొద్దప్పా, నీ తప్పేం లేదు."

కృష్ణప్ప నెర్మిన్ వైపు తిరిగి "మేడమ్, నాట్ గుడ్?" అన్నాడు. "గుడ్, గుడ్" అందామె ఆశ్చర్యంగా, మళ్ళీ కిటికీ వైపు చూపించి అదే మాట అంది. ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి మనుషుల్ని ప్రశ్నలడిగిన నాకు అప్పటిదాకా తట్టని పని అప్పుడు తట్టింది. నా ఫోన్ ఆమె చేతికిచ్చి, ఆ మాట రాయమన్నాను. రాసింది. ఫోన్లోనే తెలుగులోకి మార్చాను.

"గోరువెచ్చన" అని వచ్చింది.

నేను రెండుసార్లు చదివాను. తర్వాత రెడ్డెమ్మకు చదివి వినిపించాను. ఆమె చాకు చుట్టడం ఆపింది.

"ఏంది?"

"గోరువెచ్చన. చల్లారనివ్వమంటోంది. ఉలుక్ అంటే మిగులు కాదు రెడ్డెమ్మా."

నెర్మిన్‌కు మేం దేనికి కంగారు పడ్డామో కొంత కొంతగా చెప్పాను. ఆమె ఒక కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది. ఆలివ్ నూనెతో చేసిన కూరలు వాళ్ళ ఇళ్ళలో వేడిగా తినరు. మధ్యాహ్నం వండి, మూత పెట్టి వదిలేస్తారు. నూనె, టమోటా, వంకాయ ఒకదాన్నొకటి పట్టుకోవడానికి అంత సేపు పడుతుంది. ఫ్రెంచి కూరకు వాళ్ళు చేసిన అసలు మార్పు పెరుగూ కాదు, పుదీనా కూడా కాదు, ఆగడమే. వేడిగా పెడితే, వాళ్ళ అమ్మ దృష్టిలో, తొందరపడి వండిన పచ్చి కూర పెట్టినట్టు.

ఇక ఆగాం. రెండు గంటలకు గిన్నె ఇంకా వేడే. రెడ్డెమ్మ పెరుగు మూట విప్పింది. జున్నులా నిలబడింది. వెల్లుల్లి దంచి కలిపింది. రెండున్నర దాటాక మెకానిక్కులిద్దరూ వచ్చి కూర్చున్నారు. నెర్మిన్ గిన్నె మీద చెయ్యి పెట్టి తలూపింది. మూత తీసింది. ఒక్క గరిటె కూడా తగ్గని గిన్నె, అంచుల దాకా ఎర్రగా, నూనె పైకి తేలి. మొదటి గరిటె ఒక ప్లేటులో పెట్టి, పెరుగు వేసి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళను దాటి వచ్చి రెడ్డెమ్మ చేతికిచ్చింది.

రెడ్డెమ్మ తీసుకోలేదు. "ముందు వాళ్ళకి" అని చేత్తో చూపించింది.

నెర్మిన్ వద్దన్నట్టు తలూపింది. వాళ్ళింట్లో వంటింట్లో చెయ్యి తడిచినవాళ్ళకే మొదటి ప్లేటు, ఇంటి పెద్దకైనా ఆ తర్వాతే అని నాకు చెప్పింది. నేను రెడ్డెమ్మకు చెప్పాను.

ఆమె ప్లేటు పట్టుకుని నిలబడింది. చూపు ప్లేటు మీద లేదు, గిన్నె మీదుంది.

"నిండుగా ఉండేదప్పా" అంది.

"ఏది?"

"ఆడ. కువైట్లో. సాయంత్రం నాకు పెట్టేదానికి మూత తీస్తే గిన్నె ఇట్లనే నిండుగా ఉండేది. నేనెప్పుడూ లెక్క చెయ్యలే. ప్లేటే సూస్తి గానీ గిన్నె సూడలే." ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. "మిగిలింది కాదది. అప్పుడే మూత తీసింది. నాలుగేళ్ళు ఆ యమ్మని మనసులో తిట్టుకుంటా తింటిని."

బల్ల దగ్గర అందరూ బ్రెడ్డు ముక్కలతో ప్లేట్లు తుడుస్తున్నారు. నెర్మిన్ కళ్ళు మూసుకుని నములుతూ, కృష్ణప్పకు ఎనిమిది వేళ్ళు చూపించింది.

"రేపు పొద్దున ఎనిమిదికి రమ్మంటాండాదమ్మా. రోజూనంట" అన్నాడు కృష్ణప్ప. తర్వాత గొంతు తగ్గించి, "నాకూ రవ్వంత పెట్టు. తిరగబాత లేకపోయినా సూస్తాం" అన్నాడు.

రెడ్డెమ్మ ఫోన్ మళ్ళీ మోగింది. ఏజెంటు. ఆమె ఎడంచేత్తో ఎత్తి, ప్లేటు కిందికి దించకుండానే మాట్లాడింది.

"నేను రానప్పా... లేదు, ఈసారే కాదు, ఇంక రాను... ఏమీ కాలేదు. ఫోన్ పెట్టెయ్. కూర ఉలుక్ మీదుండాది, తినాల."